ఇంటికి తగ్గ కుక్కపిల్ల

ముద్దొచ్చే కళ్లు, ఆడించే తోక చూసి కుక్కపిల్లను తెచ్చేసుకోవడం తేలికే. పదీ పన్నెండేళ్లు దాన్ని సాకడమే అసలు సంగతి. ఎండలు మండిపోయే నిజామాబాద్, బోధన్‌లాంటి ఊళ్లలో ఏ ఇంటికి ఏ జాతి నప్పుతుంది? ఎంత కుక్కయితే ఇంటిల్లిపాదీ సుఖంగా ఉంటారు?

బోధన్‌లో ఓ ఇల్లు అనుకోండి. నాలుగో తరగతి చదివే పిల్లాడు, తొమ్మిదో తరగతి చదివే అక్క, ఉద్యోగాలకు వెళ్లే అమ్మానాన్నలు, మోకాళ్ల నొప్పులతో నానమ్మ. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే ఆ ఇంట్లో పేచీ మొదలవుతుంది. కుక్కపిల్ల కావాల్సిందేనని పిల్లాడి పట్టు. వాడికి నీలికళ్ల హస్కీ కావాలి. ఫోన్లో వీడియో చూశాడు మరి! అక్కకు ముడతల మొహం పగ్ అంటే ఇష్టం. దొంగలు గేటు దగ్గరే ఆగిపోయేలా జర్మన్ షెపర్డ్ అయితే బాగుంటుందన్నది నాన్న ఆలోచన. అమ్మకు ఏదీ వద్దు. చివరికి చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో ఆమెకు తెలుసు. అందరూ మాట్లాడాక నానమ్మ ఒకే ఒక్క మాట అడుగుతుంది... ‘‘తెచ్చుడు సరే బిడ్డా, పొద్దుగాల లేచి దాన్ని బయటికి తీస్కపోయేదెవరు?’’

ఆ ఇంట్లో అసలైన ప్రశ్న వేసింది నానమ్మే. కుక్కను ఎంచుకోవడమంటే చాలామంది జాతి పేరుతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది ఇంటితో. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరికి ఎంత తీరిక ఉంది, ఊళ్లో ఎండ ఎంత, నెలనెలా ఎంత ఖర్చు పెట్టగలం... ఇవి తేలాక జాతి పేరు దానంతటదే తేలుతుంది.

ముందు ఓ చిన్న లెక్క వేయండి. మామూలుగా ఓ కుక్క పది నుంచి పద్నాలుగేళ్లు బతుకుతుంది. ఇవాళ తొమ్మిదేళ్లున్న పిల్లాడికి ఆ కుక్క ముసలిదయ్యేనాటికి ఇరవై దాటతాయి. డిగ్రీయో ఇంజినీరింగో అంటూ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటాడు. అక్క ఉద్యోగమో పెళ్లో చేసుకుని ఇంకో ఊళ్లో ఉంటుంది. అప్పటికి కుక్కతో మిగిలేది యాభైల్లో పడ్డ అమ్మానాన్నలే. అంటే... అడిగేది పిల్లలైనా, కుక్క సరిపోవాల్సింది పెద్దలకు. ఈ ఒక్క లెక్క గుర్తుంచుకుంటే సగం తప్పులు తప్పుతాయి.

సినిమా తెచ్చిన మోజు

మన దేశంలో ఏ కుక్కకు ఎప్పుడు గిరాకీ వస్తుందో సినిమాలూ ప్రకటనలూ చూసి చెప్పొచ్చు. 1994లో వచ్చిన ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ తెలుగులో ‘ప్రేమాలయం’గా ఊరూరా ఆడింది. అందులో చీటీలు మోసిన తెల్లబొచ్చు టఫీని చూశాక అలాంటి కుక్కను కోరుకోని పిల్లలు లేరు. 2003లో హచ్ సెల్‌ఫోన్ ప్రకటనలో ఓ పిల్లాడి వెనకాలే నడిచిన పగ్ అయితే దేశాన్నే ఊపేసింది. హచ్ అనే కంపెనీ పేరు 2007లోనే మారిపోయినా, పగ్‌ను ఇప్పటికీ ‘హచ్ కుక్క’ అనేవాళ్లు ఉన్నారు. 2022లో ‘777 చార్లీ’ వచ్చాక లాబ్రడార్ మీద ప్రేమ ఇంకాస్త పెరిగింది. తమాషా ఏమిటంటే, డబ్బు కోసం దగ్గరి రక్తసంబంధం ఉన్న కుక్కలనే కలిపి పిల్లల్ని పుట్టిస్తే వాటికి ఎలాంటి రోగాలొస్తాయో చెప్పిందీ ఆ సినిమాయే.

తెరమీద కుక్క రెండు నిమిషాలు కనిపిస్తుంది. దాని వెనక శిక్షకుడు ఉంటాడు. ఇంట్లో కుక్క ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది. చెప్పులు కొరుకుతుంది, సోఫా మీద బొచ్చు రాలుస్తుంది, అర్ధరాత్రి మొరుగుతుంది. ఇవన్నీ ప్రకటనలో కనిపించవు.

పగ్‌నే తీసుకోండి. స్వభావం బంగారం. పిల్లల్ని కరవదు, పెద్దగా మొరగదు, ఎనిమిది కిలోలకు మించదు. కానీ ఆ నొక్కుకుపోయిన ముక్కే దానికి శాపం. ముక్కు పొట్టిదైతే గాలి దారులు ఇరుకవుతాయి. కాస్త పరిగెత్తినా గురకలు, రొప్పు. పగ్‌ల ఆరోగ్యాన్ని మిగతా కుక్కలతో పోల్చి చూసిన లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు, ఆరోగ్యం రీత్యా దాన్ని మామూలు కుక్కగా లెక్కించలేమని 2022లో తేల్చారు. చల్లటి బ్రిటన్‌లోనే అలా ఉంటే, మే నెల బోధన్‌లో దాని పాట్లు వేరే చెప్పాలా!

మే నెలే అసలు పరీక్ష

నిజామాబాద్ జిల్లాలో నడి వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మనకు ఒళ్లంతా చెమట పట్టి శరీరం చల్లబడుతుంది. కుక్కకు ఆ వీల్లేదు. చెమట గ్రంథులు దాని అరికాళ్లలో మాత్రమే ఉంటాయి. అందుకే నాలుక బయటపెట్టి రొప్పుతుంది. లోపలి వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం అదొక్కటే. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా ఉంటుంది. అది 104 దాటిందంటే వడదెబ్బ వైపు వెళుతున్నట్టే. ముక్కు పొట్టిగా ఉండే పగ్, షిట్జూ, బాక్సర్, బుల్‌డాగ్‌లకు రొప్పడమే కష్టం. కాబట్టి వడదెబ్బ ముప్పు వాటికే ఎక్కువ.

సైబీరియన్ హస్కీ మంచు మీద బళ్లు లాగడానికి తయారైన జాతి. సెయింట్ బెర్నార్డ్ ఆల్ప్స్ కొండల కుక్క. ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. వీటిని మన ఊళ్లో పెంచాలంటే వేసవిలో పగలంతా ఏసీ నడవాలి. కరెంటు పోతే? ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళితే? ఈ ప్రశ్నలకు జవాబు లేనివాళ్లు ఆ జాతుల జోలికి వెళ్లకపోవడమే వాటికి చేసే మేలు.

లాబ్రడార్ పుట్టిల్లు కూడా చలి ప్రాంతమే... కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్. చేపల వలలు లాగే పనికి అక్కడి జాలర్లకు తోడుండేది. దీని ముక్కు పొడవు, బొచ్చు పొట్టి కాబట్టి జాగ్రత్తలు తీసుకుంటే మన దగ్గర నెట్టుకొస్తుంది. నీడ, ఎప్పుడూ చల్లని నీళ్లు, తెల్లవారకముందే ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి నడక. ఇవి తప్పవు. వేసవి వచ్చింది కదా అని దానికి గుండు కొట్టించకూడదు. ఆ బొచ్చు ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. దువ్వి, రాలిన బొచ్చు తీసేస్తే చాలు.

బయటికి తీసుకెళ్లే ముందు అరచేతి వెనక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. చెయ్యి కాలితే కుక్క కాలూ కాలుతుంది. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే వడదెబ్బ తగిలినట్టు. వెంటనే నీడకు తెచ్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను కింద ఉంచాలి. ఒంటిని చల్లబరుస్తూనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

స్థలం కాదు... సమయం

‘మాది పెద్ద ఇల్లు, పెద్ద కుక్కను తెచ్చుకోవచ్చు’ అనుకుంటారు చాలామంది. వాకిట్లో గొలుసుతో కట్టేసిన కుక్కకు ఎకరం స్థలం ఉంటే మాత్రం ఏం లాభం? రోజుకు రెండుసార్లు బయట తిప్పే మనిషి ఉంటే రెండు గదుల ఇంట్లోనూ పాతిక కిలోల కుక్క హాయిగా ఉంటుంది. తిప్పేవాళ్లు లేకపోతే చిన్న కుక్క కూడా పిచ్చెత్తినట్టు మొరుగుతుంది. కుక్క సైజును చదరపు గజాలతో కాకుండా, ఇంట్లోవాళ్ల తీరికతో కొలవాలి.

చిన్నవి, అంటే పది పన్నెండు కిలోల లోపువి... పమేరియన్, పగ్, డాషండ్, బీగిల్. తిండి ఖర్చు తక్కువ. ఒక చేత్తో ఎత్తుకోవచ్చు. పెద్దవాళ్లున్న ఇంటికి అనుకూలం. మన వీధుల్లో పమేరియన్ అని పిలిచే తెల్లబొచ్చు కుక్క నిజానికి చాలావరకు ఇండియన్ స్పిట్జ్. ఇక్కడే తరతరాలుగా పెరగడం వల్ల విదేశీ బొచ్చుకుక్కల కంటే ఎండను బాగా ఓర్చుకుంటుంది. తెలివైంది, కాపలాకు చురుకైంది. కాకపోతే గేటు చప్పుడైనా మొరుగుతుంది. చిన్నపిల్లలు తోక లాగితే ఊరుకోదు. డాషండ్‌కు నడుము పొడవు, కాళ్లు పొట్టి. మెట్లు ఎక్కి దిగడం, మంచం మీంచి దూకడం వల్ల వెన్నెముక దెబ్బతినే ప్రమాదం ఉంది. డాబా ఇంట్లో మేడమీద ఉండేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. బీగిల్ వాసన పట్టి వేటాడే జాతి. ఆటపాటలు లేకపోతే ఊళపెడుతుంది.

మధ్యరకం, అంటే పదిహేను నుంచి పాతిక కిలోల దాకా... మన నాటు కుక్కలు దాదాపుగా ఈ కొలతలోనే వస్తాయి. కాక్కర్ స్పానియల్ కూడా కాస్త అటూఇటుగా ఇందులోదే. అది నెమ్మదైందే గానీ, వేలాడే పొడవాటి చెవులకు గాలి ఆడక చీము పడుతుంటుంది. వారం వారం శుభ్రం చేసే ఓపిక ఉండాలి.

పెద్దవి, అంటే పాతిక నుంచి నలభై అయిదు కిలోల దాకా... లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్. రోజుకు కనీసం గంట నడక, పరుగు కావాలి. లాబ్రడార్ పిల్లలకు మంచి నేస్తం. కానీ మొదటి రెండేళ్లూ దాని ఉరుకులు ఆపడం కష్టం. ముప్పై కిలోల కుక్క ప్రేమతో మీదికి దూకినా నానమ్మ కింద పడుతుంది. ఇంకో సంగతి, లాబ్రడార్‌కు ఆకలి తీరదు. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో దీనికి ఓ కారణం కనిపెట్టారు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు, కడుపు నిండిందని చెప్పే జన్యువులో లోపం ఉందట. అడిగినప్పుడల్లా పెడితే ఊబకాయం, కీళ్లనొప్పులు తప్పవు. ‘పాపం, చూస్తోంది’ అని అన్నం పెట్టే ఇళ్లు జాగ్రత్త పడాలి! జర్మన్ షెపర్డ్ నమ్మినబంటు. అయితే దానికి చెప్పే మనిషి, చేసే పని రెండూ ఉండాలి. రెండూ లేకుండా కట్టేస్తే అనుమానపు కుక్కగా తయారవుతుంది.

గ్రేట్ డేన్‌లాంటివి మహాకాయాలు. యాభై కిలోలు దాటతాయి. ఎంత పెద్ద జాతి అయితే ఆయుష్షు అంత తక్కువన్నది కుక్కల విషయంలో నిజం. గ్రేట్ డేన్ ఏడు నుంచి పదేళ్లే బతుకుతుంది. చిన్నజాతి కుక్కలు పద్నాలుగు, పదిహేనేళ్లు ఉండటం మామూలే.

ఇక రాట్‌వీలర్, పిట్‌బుల్‌ల సంగతి. వీటితో సహా 23 జాతుల పెంపకం, అమ్మకాలను ఆపాలని కేంద్రం 2024 మార్చిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలతో సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఆ ఏప్రిల్‌లోనే దాన్ని కొట్టేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో చిన్నపిల్లలుండి, కుక్కలను పెంచిన అనుభవం లేనివాళ్లకు ఇవి మొదటి కుక్కగా పనికిరావు.

మూడు ఇళ్లు... మూడు లెక్కలు

బోధన్ చుట్టుపక్కల ఇళ్లన్నీ ఒక తీరుగా ఉండవు. రెండు గదులు, ఒక వసారా ఉండే ఇరుకు సందుల ఇళ్లు ఓ రకం. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పొద్దున్నుంచీ స్కూలు పిల్లలు, బండ్లు, కూరగాయల అరుపులు. ఇలాంటిచోట అస్తమానం మొరిగే కుక్కను పెడితే పక్కింటివాళ్లతో తగువే. నెమ్మదైన మధ్యరకం కుక్క, అదీ చిన్నప్పటి నుంచి మనుషుల మధ్య పెరిగింది అయితే మేలు.

నిజామాబాద్ వినాయక్‌నగర్‌లాంటి కాలనీల్లో అపార్టుమెంట్లు పెరిగాయి. అపార్టుమెంటులో కుక్కను పెంచకూడదని సంఘం నిషేధం పెట్టడం కుదరదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అంతమాత్రాన ఇరుగుపొరుగును పట్టించుకోనక్కర్లేదని కాదు. లిఫ్టులో గొలుసు పట్టుకోవడం, బయట చేసిన మలాన్ని ఎత్తేయడం యజమాని బాధ్యతే. భార్యాభర్తలిద్దరూ పొద్దున తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఏడుకు వచ్చే ఇంట్లో రెండు నెలల కుక్కపిల్లను తేవడం మాత్రం తప్పు. ఆ వయసులో దానికి రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెట్టాలి. రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్లాలి. అలాంటివాళ్లు ఏడాదో రెండేళ్లో నిండిన, అలవాట్లు నేర్చిన కుక్కను దత్తత తీసుకోవడం ఉత్తమం.

మూడోది పొలం దగ్గరి ఇల్లు. నిజాంసాగర్ నీళ్లు వచ్చాక మంజీర పరిసరాల్లో చెరకు, వరి విస్తరించాయి. శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో మొదలైన చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డా, ఆ పొలాలూ, వాటి మధ్య ఇళ్లూ అలాగే ఉన్నాయి. పంటకు అడవి పందుల బెడద, రాత్రిపూట కాపలా. ఇక్కడికి కావాల్సింది పొట్టి బొచ్చు, గట్టి కాళ్లు, చురుకైన చెవులున్న కుక్క. పట్నం నుంచి తెచ్చిన బొచ్చుకుక్క చెరకు తోటలోకి ఒక్కసారి వెళ్లొస్తే ఒళ్లంతా పల్లేరుకాయలు, పిడుదులే! పిడుదుల వల్ల కుక్కలకు ప్రాణాంతకమైన జ్వరం వస్తుంది. చెరకు తోటల్లో ఎలుకలు ఎక్కువ. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కకూ, మనిషికీ సోకుతుంది. కుక్కకు వేయించే టీకాల్లో దీనికి సంబంధించింది కూడా ఉండేలా చూడమని పశువైద్యుడిని అడగాలి.

మన కుక్క మన ఇంట్లోనే ఉంది

ఇంత వెతికాక చాలా ఇళ్లకు సరిపోయే కుక్క ఏదంటే... మన వీధిలో తిరిగేదే! ఊరకుక్క అని తేలిగ్గా తీసిపారేస్తాం గానీ, వేల ఏళ్లుగా ఈ ఎండకు, ఈ తిండికి, ఈ రోగాలకు తట్టుకుని నిలిచిన జాతి అది. పొడవు ముక్కు, పొట్టి బొచ్చు, మధ్యరకం ఒళ్లు. వాసన తక్కువ, జబ్బులు తక్కువ, తెలివి ఎక్కువ. చిన్నప్పుడే ఇంటికి తెచ్చి, టీకాలు వేయించి, మనుషులకు అలవాటు చేస్తే దానికి మించిన కాపలా ఉండదు. డబ్బిచ్చి కొనక్కర్లేదు. ఓ కుక్కను వీధి నుంచి తప్పించిన పుణ్యమూ దక్కుతుంది.

కచ్చితంగా జాతి కుక్కే కావాలనుకుంటే మన దేశంలోనే ఉన్నాయి. తపాలా శాఖ 2005 జనవరిలో హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయం బొమ్మలతో స్టాంపులు వేసింది. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో స్వదేశీ జాతులను పెంచమని పిలుపునిచ్చారు. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ ప్రాంతపు హౌండ్‌ను 2016 నుంచి మీరట్‌లోని సైనిక కేంద్రంలో శిక్షణకు తీసుకున్నారు. దక్కన్ ఎండలోనే పుట్టిన జాతి కాబట్టి వేడి దానికి లెక్కలేదు. కానీ అది వేటకుక్క. ముందున్న పిల్లినో కోడినో చూస్తే బాణంలా దూసుకుపోతుంది. పరిగెత్తడానికి పొలం ఉన్నవాళ్లకు బాగుంటుంది. సందులో ఇంటికి కాదు.

తెలుగువాళ్లకు సొంతమైన జాతి ఒకటుంది... జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల బాతులను కాయడానికి దాన్ని పెంచేవారు. ఒళ్లంతా నున్నటి పొట్టి బొచ్చు, నుదుటిమీద ముడతలు. మిగతా కుక్కల్లా మొరగడం తక్కువ. గోతులు తవ్వడం ఇష్టం. బోధన్, వర్ని వైపు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపుల్లో పెద్దవాళ్లకు ఈ పేరు కొత్త కాకపోవచ్చు. ఇప్పుడు అసలైన జోనంగి దొరకడం కష్టమే. దొరికితే మాత్రం కాపాడుకోవాల్సిన సంపద.

తెచ్చే రోజు చూడాల్సినవి

వయసు: తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు పెరిగిన పిల్లనే తీసుకోవాలి. అంతకంటే చిన్నపిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనలు చెబుతున్నాయి. అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి కూడా. తోబుట్టువులతో ఆడుకుంటూ ‘ఎంత గట్టిగా కొరకకూడదో’ నేర్చుకునేది ఆ వారాల్లోనే.

తల్లి: వీలైతే తల్లి కుక్కను చూడండి. తల్లి బెదురుగొడ్డయితే పిల్లా అలాగే ఉండే అవకాశం ఎక్కువ. తల్లిని చూపించడానికి తటపటాయించేవాళ్ల దగ్గర కొనకపోవడం మంచిది.

పిల్ల: కళ్లలో పుసి, ముక్కులో చీమిడి ఉండకూడదు. బక్కచిక్కిన ఒంటికి ఉబ్బిన పొట్ట ఉంటే నులిపురుగులున్నట్టే. అందరికంటే ముందు మీదికి దూకేదీ, మూలన నక్కేదీ కాకుండా, పిలిస్తే తోకాడిస్తూ వచ్చేదాన్ని ఎంచుకోండి.

టీకాలు: పార్వో, డిస్టెంపర్‌లాంటి ప్రాణాంతక జబ్బులకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాల తేడాతో బూస్టర్లు. మూడో నెలలో రేబిస్ టీకా. ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా. రేబిస్‌కు లూయీ పాశ్చర్ తొలిసారి మనిషికి టీకా వేసిన 1885 జులై 6కు గుర్తుగా ఏటా ఆ రోజున జంతువుల నుంచి సోకే వ్యాధుల దినం జరుపుతారు. ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ సందర్భంగా కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. కనుక్కుని తీసుకెళ్లండి.

తిండి: ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషంతో సమానం. ఉల్లిగడ్డ వేసిన కూర కలిపిన అన్నమూ పెట్టకూడదు. ఉడికిన కోడి ఎముకలు పగిలి సూదుల్లా పేగుల్లో గుచ్చుకుంటాయి. పండక్కి చేసిన మిఠాయిలు దాని నోటికి రుచే గానీ ఒంటికి చేటు.

ఆడా, మగా: కాపలాకు, ప్రేమకు రెండూ ఒకటే. ఆడకుక్క సాధారణంగా ఆరు నెలలకోసారి ఎదకొస్తుంది. రెండు నెలల్లో ఈనుతుంది. ఆ పిల్లల్ని ఏం చేయాలో తెలియక సంతలోనో చెరువుగట్టునో వదిలేసేకంటే ముందే ఆపరేషన్ చేయించడం నయం.

పిల్లలతో: ఎంత మంచి కుక్కయినా, అయిదేళ్ల లోపు పిల్లల్ని దానితో ఒంటరిగా వదలకూడదు. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోకూడదని పిల్లలకు నేర్పాలి. పెంపుడు కుక్క కరిచినా, గోరు గీసుకున్నా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పూయడం మానుకోవాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక ఏ మందూ పనిచేయదు. ముందే వేయించుకునే టీకాయే ప్రాణం కాపాడుతుంది.

మాట ఇచ్చాకే గొలుసు పట్టండి

మళ్లీ ఆ బోధన్ ఇంటికి వద్దాం. నానమ్మ ప్రశ్నకు జవాబు దొరికేదాకా కుక్కపిల్లను తేకుండా ఆగడమే వాళ్లు చేయగలిగిన మంచి పని. ఓ నెల రోజులు పరీక్ష పెట్టుకోవచ్చు. పొద్దున అయిదున్నరకు లేచి నాన్న, పిల్లాడు అరగంట నడిచి రావాలి. సాయంత్రం అక్క వంతు. రోజూ వాకిట్లో ఓ గిన్నె కడిగి నీళ్లు పోయాలి. కుక్క తిండికీ, టీకాలకూ అయ్యే డబ్బు డబ్బాలో వేస్తూ పోవాలి. నెల గడిచాక కూడా అందరూ లేస్తుంటే కుక్కపిల్లను తేవచ్చు. వారానికే మానేస్తే... పోయిందేమీ లేదు. ఓ కుక్క వీధిన పడకుండా తప్పింది!

పరీక్ష నెగ్గితే ఆ ఇంటికి హస్కీ వద్దు, ఎండకు తాళలేదు. పగ్ వద్దు, మే నెలలో ఊపిరాడదు. జర్మన్ షెపర్డ్ వద్దు, పగలంతా ఇంట్లో ఉండేది నానమ్మ ఒక్కతే. టీకాలు వేయించిన మధ్యరకం నాటు కుక్క అయితే దొంగలకు గేటు దగ్గరే సంగతి చెబుతుంది, నానమ్మ మంచం పక్కన పడుకుంటుంది, పిల్లాడు హాస్టలుకు వెళ్లాక కూడా అమ్మానాన్నల నడకకు తోడుంటుంది.

భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం తమ ఊరేనని బోధన్‌వాళ్లు చెప్పుకుంటారు. ఆ పాండవుల కథ ముగిసేదీ ఓ కుక్కతోనే. భార్య, తమ్ముళ్లు దారిలో రాలిపోయినా చివరిదాకా ధర్మరాజు వెంట నడిచింది ఓ పేరులేని కుక్క. దాన్ని వదిలేసి రథమెక్కమని ఇంద్రుడే వచ్చి అడిగినా, నమ్మి వచ్చినదాన్ని వదలనన్నాడాయన. అది ఏ జాతిదో భారతంలో ఎక్కడా లేదు. ఆ అవసరమూ రాలేదు. కుక్కపిల్లను తెచ్చుకునేవాళ్లు ముందుగా ఇచ్చుకోవాల్సిన మాట అదొక్కటే... వదలనని.